నోటితో వండిన విందు

వినేవాళ్ళను ఏడిపించడంలో నాకు పేరుంది. పుస్తకాలు చదివి రికార్డు చేయడం నా పని. గొంతు ఎక్కడ జీరపోవాలో, ఎక్కడ మాట తెగాలో నాకు కొట్టిన పిండి. అందుకే నాజీల నిర్బంధ శిబిరం నుంచి బతికి బయటపడిన ఒక యూదు స్త్రీ ఆత్మకథను చదవమన్నప్పుడు, ఇది నాకోసమే పుట్టిన పుస్తకం అనుకున్నాను. అంత పొగరు నాది.

చదివించుకుంటున్నది చూపులేని విద్యార్థులకు చరిత్ర చెప్పే లెక్చరరమ్మ. ఆవిడకూ చూపు లేదు. ఈ ఏడాది వాళ్ళకు ఆ పుస్తకమే పాఠం. రికార్డింగు గది అద్దానికి అవతల, మీటలు తిప్పే మా మరిది పక్కన కూర్చుని హెడ్‌ఫోన్లలో వింటోంది.

శుక్రవారం విందు అధ్యాయం మొదలుపెట్టాను. శుక్రవారం సాయంత్రం యూదుల ఇళ్ళలో దీపాలు వెలిగించి ఇంటిల్లిపాదీ కలిసి భోంచేస్తారు. శిబిరంలో దీపమూ లేదు, భోజనమూ లేదు. అయినా ఆ చెక్క అరల్లో ఇరుక్కుని పడుకునే ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. ఎవరి వంతు వస్తే వాళ్ళు మిగతావాళ్ళను విందుకు పిలిచి, నోటితోనే కూరగాయలు తరిగి, నోటితోనే వండి వడ్డించేవాళ్ళు.

ప్రాణం పెట్టి చదివాను. ఉల్లిపాయ తరిగినా సరే, గొంతు వణికించాను. మా మరిది కళ్ళు తుడుచుకున్నాడు. లెక్చరరమ్మ మాత్రం చెయ్యెత్తింది.

“ఈ పేజీలో ఆవిడ ఏడుస్తోందా అమ్మా?”

“లేదండీ.”

“మరి మీరెందుకు ఏడుస్తున్నారు?”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఆకలితో చస్తూ వండుకుంటున్నారండీ! నవ్వుతూ చదవమంటారా?”

“నా పిల్లలకు మీ ఏడుపే వినిపిస్తుంది, ఆవిడ మాట వినిపించదు. ఏమీ అనుకోకండి, ఇలాగైతే కంప్యూటర్ గొంతుతో చదివించుకుంటాం. అది కనీసం అడ్డం రాదు.”

కంప్యూటర్ గొంతా! ఇన్నేళ్ళ నా పనికి, నోరూ వాయీ లేని యంత్రంతో పోటీయా!

“వదినా, టీ తాగొద్దామా?” అన్నాడు మా మరిది బిక్కమొహం వేసి.

“నీ టీ తగలెయ్య, కూర్చో!”

తప్పు లెక్చరరమ్మదేనని చూపిద్దామని పుస్తకం మళ్ళీ తెరిచాను. పెదవి కదపకుండా, నా గొంతు సంగతే మర్చిపోయి ఊరికే చదువుకున్నాను.

అప్పుడు కనిపించారు వాళ్ళు. ఒకావిడ సూప్ వండుతోంది. ఇంకొకావిడ, ఉల్లిపాయ ఎర్రగా వేగనివ్వలేదని దెప్పుతోంది. మూలనున్న దర్జీ ఆవిడ లేని గరిటెతో రుచి చూసి, ఉప్పు కషాయం చేశావని మూతి విరిచింది. వండినావిడ అలిగి అటు తిరిగి పడుకుంది. లేని సూప్ కోసం అలక! మిగతావాళ్ళంతా ఆవిడ గడ్డం పట్టుకుని బతిమాలారు. చావు గుమ్మంలో కాచుకుని కూర్చున్నా వాళ్ళు తమ వంటిల్లు వదులుకోలేదు, వంకలు పెట్టడం అసలే మానలేదు. ఎంత గొప్పవాళ్ళమ్మా అనిపించింది. రెండు చేతులా దణ్ణం పెట్టాలనిపించింది.

“రికార్డు చెయ్యి,” అన్నాను మా మరిదితో.

దర్జీ ఆవిడకు మా ఆడపడుచు గొంతు పెట్టాను. ఆవిడ తమ్ముడే కదా మా మరిది, వెంటనే పట్టేశాడు. అద్దం అవతల నోరు మూసుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వాడు. లెక్చరరమ్మ పెదవులు కూడా విచ్చుకున్నాయి. నాకూ నవ్వు ఆగలేదు. ఆ ఊపులోనే, ఇందాక నేను చేరని చివరి వాక్యాల్లోకి వెళ్ళిపోయాను.

“మర్నాడు పొద్దున దర్జీ ఆవిడను లారీ ఎక్కించారు. ఆ తర్వాతి శుక్రవారం వంతు ఆవిడదే. ఆవిడ బదులు మేమే వండాం. ఉప్పు తగ్గించాం.”

గొంతులో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. మాటలు అలాగే బయటికొచ్చేశాయి. ఎక్కడా వణికించలేదు, వణికించడానికి వ్యవధే లేకపోయింది. అద్దం అవతల మా మరిది రికార్డింగు ఆపడం మర్చిపోయాడు.

లెక్చరరమ్మ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“మీరే చదవండమ్మా,” అంది. “పుస్తకమంతా.”