ఐలా చేతి పట్టు

ఐలా చేతిలో పడితే ఎంత మొండి కండరమైనా లొంగాల్సిందేనని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. అడవిలో చెట్లు కొట్టేవాళ్ళు, మంచు మీద స్కీయింగ్ పోటీలకు తయారయ్యే కుర్రకారు, పక్క ఊళ్ళ నుంచి కూడా ఆమె దగ్గరకు వచ్చేవారు. బల్ల మీద బోర్లా పడుకున్న మనిషి వీపులో మోచేత్తో ఒత్తి, ముడిపడ్డ చోటు దొరికేదాకా వదిలేది కాదు. వచ్చినవాడు మూలుగుతూ ఇంటికి పోయి, నొప్పి తగ్గాక ఫోన్ చేసి, మళ్ళీ ఎప్పుడు రమ్మంటావని అడిగేవాడు.

ఆ చేతికి అందరికంటే ఎక్కువగా చిక్కినవాడు ఆమె మొగుడు ఎస్కో.

అసలు వాళ్ళ పెళ్ళికి కారణమే ఆ చెయ్యి. కుర్రతనంలో ఎస్కో కూడా స్కీయింగ్ చేసేవాడు. ఒకసారి పోటీ రేపనగా పిక్క పట్టేసి నడవలేకపోతే, అప్పుడే ఒళ్ళు పట్టే పని నేర్చుకుని వచ్చిన ఐలా దగ్గరకు మోసుకొచ్చారు. ఆమె పట్టిన పట్టుకి అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. మర్నాడు నాలుగో స్థానంలో వచ్చాడు. నాలుగో స్థానం వచ్చినందుకు ప్రపంచంలో ఎవరూ అంత సంబరపడి ఉండరు. ఆ సంగతి చెప్పడానికి వెళ్ళినవాడు కాఫీ తాగాడు, మర్నాడూ వెళ్ళాడు, ఆ తర్వాత వెళ్ళడం మానలేదు.

ఇప్పుడు ఎస్కో బడిపిల్లల బస్సు నడుపుతాడు. పొట్ట వచ్చింది, మెడ బిగిసింది. శనివారం సాయంత్రం ఇద్దరూ సౌనా ఆవిరిగదిలో ఒళ్ళు కాచుకుని బయటికొచ్చాక, ఐలా అతన్ని బల్ల ఎక్కించేది.

"ఇదిగో, ఇక్కడ దాక్కుంది దొంగముండ," అంటూ మెడ కింద బొటనవేలు దింపేది.

ఎస్కో తువ్వాలు కొరికి పట్టుకునేవాడు.

"హాయిగా ఉందా?"

"ఆ, చాలా హాయిగా ఉంది."

మొహం ఎర్రబడి, జుట్టు చెదిరి, తన కోసం అంతగా పాటుపడే మనిషిని చూస్తే మరో మాట చెప్పడానికి అతనికి మనసొప్పేది కాదు. సోమవారం దాకా మెడ తిరిగేది కాదు. బస్సులో పక్కకి చూడాలంటే నడుము దగ్గర్నుంచి మొత్తంగా తిరగాల్సి వచ్చేది. వెనక పిల్లలు అతన్ని గుడ్లగూబ మామయ్య అనేవారు. గుడ్లగూబకైనా మెడ తిరుగుతుందర్రా, అని అతనే నవ్వేవాడు.

ఒకరోజు ఉదయం గున్‌వోర్ అనే ముసలావిడ దారిలో చెయ్యెత్తి, కారు పాడైందంటూ బస్సెక్కి అతని వెనక సీట్లో కూర్చుంది. సముద్రం వైపు రోడ్డులో ఒంటరిగా ఉంటుంది. కాసేపు అతన్నే చూసి అడిగింది:

"మెడకేమయింది నాయనా?"

"మా ఆవిడ ఒళ్ళు పట్టిందండీ."

"పట్టిందా, కొట్టిందా?"

ఆవిడ ఉద్యోగమంతా ఆసుపత్రిలో మంచాన పడ్డవాళ్ళకి ఒళ్ళు పట్టడంలోనే గడిచింది. ఇప్పటికీ తెలిసినవాళ్ళు ఇంటికి వెళుతుంటారు. రమ్మంది. ఎస్కో మొహమాటపడుతూనే వెళ్ళాడు. బల్ల మీద పడుకోబెట్టి, చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంటూ, "ఇవాళ నీకెలా ఉంటే బాగుంటుంది?" అని అడిగింది.

ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. "తెలీదండీ. నొప్పి మాత్రం వద్దు," అన్నాడు.

నిద్రపోయే పసిపిల్లకి దుప్పటి సర్దినంత మెల్లగా ఆమె చెయ్యి మెడ మీదుగా భుజాల దాకా జరిగింది. కాసేపటికి తన మెడ తనకు తిరిగి వచ్చినట్టనిపించింది. ఆ తర్వాత ప్రతి బుధవారం పిల్లల్ని దింపి అటే వెళ్ళేవాడు. ఇంట్లో మాత్రం బస్సు కడిగించడానికి వెళుతున్నానని చెప్పేవాడు.

"చూశావా, నీ మెడ ఎంత వదులైందో. అంతా నా చేతి చలవే," అని ఐలా మురిసిపోతుంటే ఎస్కో సిగ్గుతో దిండులో మొహం దాచుకునేవాడు.

వసంతం వచ్చి రోడ్లన్నీ బురదైన ఒక బుధవారం, ఎస్కో గున్‌వోర్ ఇంటి ముందు బస్సు ఆపి దిగాడు. మెట్ల పక్కన ఐలా సైకిలు ఆనించి ఉంది. తిరిగి బస్సెక్కి పోదామా అనుకున్నాడు. ఈలోగా గున్‌వోర్ తలుపు తీసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"చప్పుడు చెయ్యకు. పడుకుంది."

"ఎవరు, ఐలానా?"

"పోట్లాడదామనే వచ్చింది పాపం. ఆ భుజాలు చూసి, ముందు పడుకో, తర్వాత తిడుదువుగాని అన్నాను. తిట్టడం మొదలుపెట్టే లోపే నిద్రపోయింది."

ఎస్కో తలుపు సందులోంచి చూశాడు. ఐలా నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోతోంది. ఊరందరి వీపులూ ఒత్తిన ఆ చేతులు బల్లకి అటూ ఇటూ వేలాడుతున్నాయి. ఈమెకెవరూ ఒళ్ళు పట్టలేదే అన్న సంగతి అతనికి అప్పుడు తోచింది. తనకు కూడా ఇన్నాళ్ళూ తట్టలేదు.

ఆమె లేచాక, సైకిలు బస్సులో సీట్ల మధ్య పడుకోబెట్టి, ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. ఐలా డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. కాళ్ళ కింద ఎండిన బురద కేసి చూసింది.

"వారం వారం కడిగించే బస్సు ఇంత మురికిగా ఉంటుందని నాకు తెలీదు," అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరైనా చెప్పాలా? ఇంత బస్సుని ఆవిడ గుమ్మంలో పెట్టి, దాచాననుకున్నావా? నా దగ్గరికొచ్చే ప్రతివాడూ చెబుతున్నాడు." కిటికీలోంచి బయటికి చూసింది. "నా చెయ్యి నచ్చకపోతే నాతో చెప్పొచ్చుగా."

"నీ చెయ్యి మంచిదే ఐలా. ఆ రోజు పోటీకి నన్ను నిలబెట్టింది అదేగా."

"మరి?"

"నువ్వింకా ఆ కుర్రాడికే ఒళ్ళు పడుతున్నావు. వాడు ఎప్పుడో పోయాడు. ఇక్కడున్నది పొట్టేసుకున్న బస్సు డ్రైవరు."

ఐలా నవ్వకూడదనుకుంది గాని నవ్వొచ్చేసింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. "నాకు తెలిసిన ప్రేమ అదొక్కటే కదా. గట్టిగా పట్టడం," అంది.

ఎస్కో బస్సు పక్కకి తీసి ఆపాడు. వెనక్కి తిరిగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మెడ ఒక్కటే తిరిగింది, నడుము కాదు. ఐలా అది గమనించి, "ఆవిడ పనిమంతురాలే," అని ఒప్పుకుంది.

ఆ శనివారం ఐలా మొదటిసారి అడిగింది, ఎక్కడ పట్టమంటావని. ఎస్కో చూపించి, గట్టిగా మాత్రం వద్దన్నాడు. ఆమె మెత్తగా పట్టాలని ఎంత జాగ్రత్తపడిందంటే అతనికి చక్కిలిగింతలు పుట్టి బల్ల మీంచి దొర్లబోయాడు. "అలా కాదు, కొంచెం బరువు వెయ్యి," అంటే, "ఇందాకేగా వద్దన్నావు," అని విసుక్కుంది. అలా తగువులాడుకుంటూ, ఎంత బరువు అతనికి సరిపోతుందో కొన్ని వారాలకి ఇద్దరూ కనుక్కున్నారు.

చెట్లు కొట్టేవాళ్ళు వీపు నొప్పితో వస్తే గున్‌వోర్ ఐలా దగ్గరకు పంపేది. బాలింతలు, ముసలివాళ్ళు, నిద్రపట్టనివాళ్ళు వస్తే ఐలా సముద్రం రోడ్డు చూపించేది. బుధవారం మాత్రం భార్యాభర్తలిద్దరూ కలిసి బస్సులోనే అటు వెళ్ళేవారు. ముందు ఐలా వంతు. ఎస్కో వంటింట్లో దాల్చినచెక్క బన్ను కాఫీలో ముంచుకు తింటూ కూర్చుంటే, లోపలి గదిలోంచి ఐలా గొంతు వినిపించేది:

"కొంచెం కిందికి... ఆ, అక్కడే. ఇంకాస్త మెల్లగా."