ఆపద వస్తేనే తెరవవలెను

కుల్యాష్ ముప్పై ఏళ్లు మందులషాపులో పనిచేసిన మనిషి. చీటీ లేని సీసాను చచ్చినా నమ్మదు. జనవరిలో భూమి కంపించి, ఆల్మటీలో వాళ్ల అపార్ట్‌మెంటంతా పడుకున్న బట్టలతోనే మంచులో నిలబడ్డాక, ఆమె ఒక నీలం సంచి సర్ది గుమ్మం పక్కన పెట్టింది. టార్చి, తాడు, ఈల, కత్తెర, వెండిరేకులాంటి దుప్పటి, మాంసం డబ్బాలు. పైన పెద్ద అక్షరాలతో చీటీ: "ఆపద వస్తేనే తెరవవలెను."

అడుగున ఇంకొకటి కూడా ఉంది. కాబోయే వియ్యపురాలు బాతిమా పోయినసారి కానుకగా పెట్టిన బట్ట. ఊదారంగు మీద పచ్చటి గులాబీలు, ఒక్కొక్కటి క్యాబేజీ అంత. కుల్యాష్ దాన్ని నిలువునా పట్టీలుగా చించి, చుట్టచుట్టి, అలవాటు చొప్పున దానిమీదా చీటీ అంటించింది: "ఎందుకూ పనికిరాని బట్ట. కట్లకు."

మార్చిలో బాతిమా దంపతులు కెగెన్ పక్క పల్లె నుంచి వచ్చి, కూతురు మర్జాన్ పెళ్లికి ముహూర్తం మాట్లాడుకుని వెళ్లారు. విందులో మిగిలింది మూటగట్టి చుట్టాల చేతిలో పెట్టకుండా పంపడమంటే వాళ్ల మొహాన తలుపేసినట్టే. కుల్యాష్ మాంసం, నూనెలో వేయించిన బౌర్సాకులు, మిఠాయిలు సంచినిండా కట్టింది. తీసుకెళ్లి కారులో పెట్టమని మొగుడికి చెప్పింది. కారు వెళ్లిపోయాక వంటింట్లోకి వస్తే ఏముంది, మాంసం సంచి బల్లమీదే ఉంది.

"ఏమయ్యా, వాళ్లకి ఏ సంచి ఇచ్చావు?"

"గుమ్మం దగ్గరున్నది," అన్నాడు తొలెగెన్.

"అది భూకంపం సంచి."

"బరువుగానే ఉందిలే. దండిగా పెట్టామనుకుంటారు."

పొరపాటైందని చెబితే, వియ్యాలవారిని ఒట్టి చేతులతో పంపామని ఒప్పుకున్నట్టు. ఇచ్చింది తిరిగి అడిగితే అంతకన్నా సిగ్గుచేటు. అడుగునున్న చీటీ బాతిమా చదివిందో, పెళ్లి అక్కడితో సరి. మర్జాన్ ఏడుపు ఒకటే తక్కువ.

"ఆయన తప్ప నాకెవరూ వద్దమ్మా. నీ చీటీల పిచ్చి నా కొంప ముంచేలా ఉంది."

కూతురన్న దాంట్లో తప్పు లేదని కుల్యాష్‌కీ తెలుసు.

మంగళవారం ఫోను మోగింది. బాతిమా.

"వదినా, నీ ముందుచూపుకి దండం పెట్టాలి. కరెంటు పోయింది, కొట్టంలో ఆవు ఈనుతోంది. ఇది ఆపదా కాదా అని మీ అన్నయ్యా నేనూ వాదులాడుకున్నాం. ఆపదేనని తేల్చి టార్చి తీశాం."

"ఇంకేం తీశారు వదినా?"

"నువ్వంత స్పష్టంగా రాశాక ఎలా తీస్తాం? పైదొక్కటే."

గురువారం పొట్టేలు కాలవలో పడింది. తాడు. శుక్రవారం అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల చలికి బిగుసుకుపోయింది. రేకు దుప్పటి. ఆపైన ఈల.

"ఈలకేం ఆపద వచ్చింది వదినా?"

"మీ అన్నయ్యకి చెవుడు కదా. టీకి పిలవడం రోజూ ఆపదే."

ఆదివారం ఏడుగురు చుట్టాలు ఊడిపడ్డారు, ఇంట్లో మాంసం నిండుకుంది. అంతకు మించిన ఆపద ఆ దేశంలో లేదు. డబ్బాలన్నీ అయిపోయాయి.

"సంచి తేలికైపోయింది వదినా," అంది బాతిమా ముచ్చటగా.

ఇక మిగిలింది కత్తెర, అడుగున చుట్ట అని కుల్యాష్ లెక్కేసుకుంది. మర్నాడు పొద్దున్నే మంచి శాలువా ఒకటి కొని కెగెన్ బస్సెక్కింది. అయిపోయినవి మళ్లీ నింపుతాననే వంకతో సంచి అడగాలి, చుట్ట తీసి శాలువా పెట్టాలి. దారంతా ఇదే వల్లించుకుంది.

తలుపు తీసి లోపలికెళ్తే బాతిమా పెద్దపీట మీద పరుపులకు ఆనుకుని, కాలు చాపుకుని కూర్చుంది. మడమ నిండా పచ్చటి గులాబీలు. పాలు తెస్తూ మంచు మీద జారిందట. టీ గిన్నెల పక్కన చీటీ ఉంది.

"కూర్చో వదినా. నీ చేతిరాత ముత్యాల కోవే."

మూడు నెలలుగా భూకంపానికి భయపడి చచ్చిన కుల్యాష్, అదేదో ఇప్పుడొస్తే బాగుండుననుకుంది.

"తప్పైంది వదినా. నా నోటిదురుసు పిల్ల మీద పెట్టుకోకు. మీవాడంటే ప్రాణం దానికి."

బాతిమా కాలు సర్దుకుంది. "ఆ పెట్టె తెరువు."

తెరిచింది. పైనే ఊదారంగు, పచ్చటి గులాబీలు, మడత విప్పని బట్ట.

"పెద్దకోడలి తల్లి పెట్టింది నాకు. ఆవిడకెవరు అంటగట్టారో. మూడేళ్లు చూడలేక దాచాను. నీకు సగమే ఇచ్చాను వదినా, మొత్తం ఇవ్వడానికి మొహం చెల్లలేదు." ఆవిడ మడమ వైపు చూసుకుంది. "ఇన్నేళ్లకి దీనికో పని కనిపెట్టినదానివి నువ్వే. అలాంటి ఇంటి పిల్లని వదులుకుంటానా?"

కుల్యాష్‌కి కళ్లనీళ్లు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. బట్ట ఒళ్లో వేసుకుంది.

"కత్తెర సంచిలోనే ఉంది," అంది బాతిమా. "మరి ఇది ఆపదేనంటావా?"

"ఆపదే వదినా. ఇంకో ఇంటికి పోకముందే చించేద్దాం."

ఇద్దరూ కూర్చుని ఆఖరి గులాబీ దాకా చించారు. అప్పుడు బాతిమా మొగుణ్ని టీకి పిలవడానికి ఈల ఊదింది.