బహిరంగ వైవా

నాలుగు థీసిస్ కాపీలను గుమాస్తా కౌంటరు మీద నుంచి వెనక్కి తోశాడు. పైన ఉన్న కాపీ జారి నేల మీద పడింది. రామాంజినేయులు వంగి తీసుకుని, చొక్కా కొసతో అట్ట తుడిచాడు.

"గైడు సర్టిఫికెట్టు మీద సంతకం లేదప్పా. నేనేం జేసేకి లేదు," అన్నాడు గుమాస్తా. అతని గొంతులో కోపం లేదు. ఐదింటికి కౌంటరు మూసెయ్యాలి, అంతే.

ఆ రోజు 1998 డిసెంబరు 31. పెనుకొండ కొండ కింద అద్దె బిల్డింగులో యూనివర్సిటీ నడిపే పరిశోధన కేంద్రం అది. రామాంజినేయులు పీహెచ్‌డీలో చేరి ఆ రోజుకి ఐదేళ్లు నిండుతాయి. ఐదేళ్లలోపు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఇంకో ఏడాది గడువు కావాలంటే గైడే రాసివ్వాలి. థీసిస్ తీసుకోవాలన్నా గైడే సంతకం పెట్టాలి.

ఆ గైడు పక్క గదిలోనే టీ తాగుతున్నాడు. ప్రొఫెసర్ వీరభద్రయ్య. నాకూ ఆయనే గైడు. రామాంజినేయులు లోపలికి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను.

"సార్, సంతకం..."

"ఏమప్పా, ఇంకా ఈడే ఉండావా? మూడో చాప్టరు మళ్లా చూడల్ల. వచ్చే వారం రాపో."

"ఈ పొద్దే ఆఖరు సార్."

"ఆ రూలు నేను పెట్టినానా?"

ఇంతలో ఆయన నా వైపు తిరిగాడు. "ఏం వెంకటేశులూ, నీ రిపోర్టు తెచ్చినావా? ఇట్లియ్యి." ఆరు నెలలకోసారి మేం ఇచ్చుకోవాల్సిన ప్రగతి నివేదిక అది. చదవకుండానే సంతకం పెట్టి ఇచ్చాడు. రామాంజినేయులు నా పక్కనే నిలబడి ఉన్నాడు. నేను "థాంక్యూ సార్" అన్నాను. ఆ మాట అనమని నన్నెవరూ బలవంతపెట్టలేదు.

ఐదింటికి కౌంటరు మూశారు. రామాంజినేయులు కాపీలు సంచిలో పెట్టుకుని స్టేషనుకు నడిచాడు. ఏడవలేదు, తిట్టలేదు. ధర్మవరం పాసింజరు వచ్చేదాకా ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం.

చదువుతున్న మిత్రులకు ఇక్కడ అతని సంగతి చెప్పాలి. ధర్మవరంలో పట్టు చీరలు నేసే ఇల్లు వాళ్లది. నాయన లేడు. అమ్మ నారాయణమ్మ. గుంత మగ్గంలో కూర్చుని నేస్తూనే ఎం.ఏ. చదివాడు. పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షలో జిల్లాలో రెండో ర్యాంకు వచ్చింది. ఇంటర్వ్యూలో కమిటీలో ఒకాయన, "నేసేటోనికి డాక్టరేటు యాలప్పా?" అని నవ్వాడట. "నేసేటోళ్ల గురించి రాసేకి సార్," అన్నాడట ఇతను. అదే రాశాడు. ధర్మవరంలో రెండు వందల పద్నాలుగు మంది నేతగాళ్ల కళ్లు, మోకాళ్లు, నడుములు ఇంటింటికీ తిరిగి పరీక్ష చేయించాడు. ఏ వయసులో చూపు మందగిస్తుందో, గుంతలో కూర్చున్న ఎన్నేళ్లకు మోకాళ్లు పట్టేస్తాయో పట్టికలు గీశాడు. ఎవరూ అడగని ప్రశ్నలవి.

ఆ మూడో అధ్యాయమే వీరభద్రయ్య పేరుతో ఒక పెద్ద పత్రికలో అచ్చయింది. మొత్తం వ్యాసంలో రామాంజినేయులు పేరు లేదు. "నా పేరు యాడుండాది సార్?" అని ఒక్కసారి అడిగాడు. తర్వాత పద్నాలుగు నెలలు గైడు అతనికి ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. కాదని కూడా అనలేదు. "వచ్చే వారం రాపో," అనేవాడు.

వారం తర్వాత ధర్మవరం వెళ్లాను. రామాంజినేయులు మగ్గంలో కూర్చుని ఉన్నాడు. నారాయణమ్మ నన్ను బయటే ఆపింది.

"వచ్చిన కాణ్నించి అట్లే కూచ్చోని ఉండాడు నాయనా. నెయ్యడు, లేయడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. నా కొడుకుని ఏం జేసినారు మీరంతా?"

"మీరంతా" అంది. నేను తల వంచుకున్నాను.

అప్పుడే సంజీవప్ప వచ్చాడు. అరవై దాటిన నేతగాడు, అక్కడి చేనేత కార్మిక సంఘం పెద్ద. ఎడమ కన్ను దాదాపు పోయింది. గోడ పట్టుకుని లోపలికి వెళ్లి, గుంత అంచున కూలబడ్డాడు. వెనకే నేనూ వెళ్లాను.

"ఏమబ్బా రామాంజినేయులూ, మా కండ్లు కొలిచినావే, ఆ బుక్కు యాడికి పోయింది?"

"ఈడే ఉండాది మామా. తీస్కోలా."

"ఎవురు తీస్కోలా?"

రామాంజినేయులు నా వైపు చూశాడు. నేను చెప్పాను. చెప్తుంటే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వాకిట్లో చేరారు. ఆ రోజు నా రిపోర్టు మీద సంతకం పెట్టించుకున్న సంగతీ దాచలేదు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, అదే నాకు కష్టంగా ఉండింది.

సంజీవప్ప నా వైపు తిరిగాడు. "అంటే మా కండ్లు ఆయప్ప పేరు మీద అచ్చయినాయి. మా కండ్లు కొలిచినోడు మాత్రం గుంతలో కూచ్చున్యాడు. అంతేనా?"

"అంతే పెద్దాయనా."

"అయితే ఇది వానొక్కని గొడవ కాదు."

ఆ ఆదివారం హిందూపురంలో సుచిత్ర ఇంట్లో మా సమావేశం జరిగింది. వీరభద్రయ్య కింద మేం పన్నెండు మందిమి. రామాంజినేయులు పోగా పదకొండు మంది వచ్చాం. సుచిత్ర మాలో అందరికంటే తెలివైనది. నాలుగేళ్లుగా గైడు దిద్దాల్సిన పరీక్ష పేపర్లన్నీ ఆమే దిద్దుతోంది.

"నాకింకా ఏడు నెల్లే ఉండాది," అంది సుచిత్ర. "మొన్న కాన్పప్పుడు పోయిన ఎనిమిది నెలలు కూడా లెక్కలో ఏసినారు. ఇప్పుడు గొడవ పెట్టుకుంటే నా గతి ఏం కావాల? మీరు చెప్పండి."

"అట్లనుకునే కదమ్మా ఇన్నాళ్లూ వానికి ఊడిగం జేసినాం," అన్నాడు అమరాపురం నుంచి వచ్చిన అంజనప్ప.

"నువ్వు జేసినావు, నేను జేసినా. జేసినందుకే రిజిస్ట్రేషను మిగిలుండాది. రామాంజినేయులు అడిగినాడు, పోయింది. లెక్క అంతే."

ఎవరి భయం వాళ్లు చెప్పుకున్నారు. ఒకరికి ఉద్యోగం, ఒకరికి ఫెలోషిప్పు, ఇంకొకరికి ఊళ్లో పరువు. గంట గడిచింది. కోపం కూడా రాలేదు ఎవరికీ. గైడు ఎదురుగా కూర్చుని వింటున్నట్టే తగ్గు గొంతుతో మాట్లాడుకున్నాం.

నేను జేబులోంచి జిరాక్సు కాగితాలు తీశాను. డాక్టరేట్ నిబంధనల పుస్తకం. ఐదేళ్లలో మాలో ఒక్కరం కూడా దాన్ని చూసింది లేదు. అడిగితే, "నేను జెప్పేదే రూలు" అనేవాడు వీరభద్రయ్య. గుమాస్తా నాకు చాటుగా ఇచ్చాడు. "నా పేరు జెప్పొద్దప్పా, పిల్లలు గలోన్ని," అని ఒకటికి రెండుసార్లు అన్నాడు.

చదివి వినిపించాను. గైడు సంతకం నిరాకరిస్తే నెలలోపు కారణం రాసివ్వాలి. రాయకపోతే విభాగం కమిటీయే థీసిస్‌ను పరీక్షకులకు పంపవచ్చు. స్త్రీలకు కాన్పు కాలం గడువులో కలపకూడదు.

"ఏందీ?" అంది సుచిత్ర. కాగితం లాక్కుని తనే చదివింది. మళ్లీ చదివింది. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. "ఎనిమిది నెలలు," అంది. "పురిటి మంచం మింద కూచ్చోని పేపర్లు దిద్దినా." కాగితం మడిచి కింద పెట్టింది. "ఏం జేద్దామో చెప్పండి."

ముందు అర్జీ పెట్టాం. విభాగం కమిటీకి అధ్యక్షుడు ఎవరని అడిగితే, వీరభద్రయ్యేనని తెలిసింది. ఆయన మా అర్జీ మీద "పరిశీలించబడును" అని రాసి, తన బల్ల సొరుగులోనే పెట్టుకున్నాడు.

రెండోసారి సమావేశమైనప్పుడు ధర్మవరం నుంచి సంజీవప్ప, ఇంకో ముగ్గురు నేతగాళ్లు వచ్చారు. సంజీవప్ప నిబంధనలన్నీ మొదటి నుంచి చదివించుకున్నాడు. ఒకచోట చెయ్యెత్తి ఆపాడు.

"ఇదేందో మళ్లా చదువు."

"వైవా పరీక్ష బహిరంగం. ఆసక్తి ఉన్న ఎవరైనా హాజరై ప్రశ్నలు అడగవచ్చు."

"ఎవురన్నానా?"

"ఎవరన్నా."

"అయితే మేమడుగుతాం."

ఫిబ్రవరి పదిహేనున ధర్మవరంలో మగ్గాలు ఆగాయి. మూడు వందల మంది పొద్దున్నే బెంగుళూరు పాసింజరు ఎక్కారు. హిందూపురం నుంచి కాలేజీ విద్యార్థులు ఎదురు బండిలో వచ్చారు. పెనుకొండ స్టేషనులో రెండు గుంపులూ కలిశాయి. నినాదాలు ఎక్కువ లేవు. నడక వినపడింది. నేతగాళ్లలో చాలామంది మోకాళ్లు వంగక కాళ్లీడ్చి నడుస్తారు. దుమ్ములో వందల చెప్పుల రాపిడి.

కేంద్రం గేటు దగ్గర వీరభద్రయ్య ఎదురొచ్చాడు. "ఏమప్పా ఇది? ఇది చదువుకొనే చోటు. మీకేం పనీడ?"

"పరీక్ష సూసేకి వచ్చినాం," అన్నాడు సంజీవప్ప. "మీ రూల్లోనే రాసుండాది."

"పరీక్ష ఎవురు పెట్టినారు?"

"మేమే."

అప్పుడు సుచిత్ర ముందుకు వచ్చింది. చేతిలో ప్రగతి నివేదిక ఫారం, ఖాళీది. "సార్, ఇంకమీద నా రిపోర్టు మీకివ్వను. కారణం రాసివ్వమంటే రాసిస్తా," అని ఆయన కాళ్ల ముందు మెట్టు మీద పెట్టింది. వెనకే అంజనప్ప. తర్వాత ఒక్కొక్కరం. నా ఫారం పెడుతున్నప్పుడు ఆయన నన్ను పేరు పెట్టి పిలిచాడు. నేను పలకలేదు. గర్వం, భయం, ఏవీ కలగలేదు. చెయ్యి కాగితాన్ని వదిలింది, అంతే తెలుసు.

కేంద్రం ఆవరణలో జనం నేల మీద కూర్చున్నారు. రామాంజినేయులు మధ్యలో నిలబడ్డాడు. చేతిలో పుస్తకం లేదు. వాళ్లమ్మ పొద్దున స్నానం చేయించి, చొక్కా తొడిగి తీసుకొచ్చింది.

సంజీవప్ప అడిగాడు. "నా కన్ను యాల పోయింది?"

అతను సంజీవప్ప ఎడమ కంటి వైపు చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు. గొంతు చదునుగా, బస్టాండులో బస్సుల పేర్లు చెప్పేవాడిలా ఉంది. "నీకు తొమ్మిదో ఏట మగ్గంలో కూచ్చోబెట్టినారు మామా. గది వాకిలి తూర్పుకు ఉండాది, కిటికీ లేదు. జరీ పోగు మెరుపు ఎడమ కంటి మిందే పడతాండె. ముప్పై ఎనిమిదో ఏట మొదటిసారి పోగు రెండుగా కనపడిండాది. నువ్వే చెప్పినావు."

"అవును. చెప్పినా."

ఒకామె మోకాళ్ల గురించి అడిగింది. ఇంకొకాయన దగ్గు గురించి. కాలేజీ పిల్ల ఒకతె, "రెండు వందల పద్నాలుగు మందే యాల, మిగిలినోళ్లు లెక్కలోకి రారా?" అని నిలదీసింది. అతను మూడు కారణాలు చెప్పాడు. ఆమె ఒకటి ఒప్పుకోలేదు. వాదన జరిగింది. అసలైన పరీక్ష జరిగింది. నేను ఎన్నో వైవాలు చూశాను, ఒక్కదాంట్లోనూ అడిగేవాళ్లకి జవాబు అంత అవసరం కాలేదు.

పోలీసు వ్యాన్లు రెండు వచ్చాయి. "ముప్పై యాక్టు అమల్లో ఉండాది, గుంపు కూడగూడదు. లెయ్యండి," అన్నాడు ఎస్సై.

"పరీక్ష అయిపోనీ సారూ," అంది నారాయణమ్మ. "నాదొక ప్రశ్న ఉండాది."

కానిస్టేబుల్ ఆమె రెక్క పట్టుకున్నాడు. ఆమె కొడుకు వైపే చూస్తూ అడిగింది. "ఇదంతా తెల్సుకున్న్యావు కదా. తెల్సుకున్న్యాక మమ్మల్ని ఏం జేయమంటావు?"

రామాంజినేయులు నోరు తెరిచాడు. అంతలో ఎస్సై అతని భుజం పట్టుకున్నాడు. అతన్నీ, సంజీవప్పనూ, సుచిత్రనూ, నన్నూ, ఇంకో నలభై మందినీ వ్యాన్లలో ఎక్కించారు. వ్యాను కదిలాక, రెండేళ్లలో మొదటిసారి అతని గొంతు పెరిగింది. "నాకు తెలీదు మా!" అని కిటికీలోంచి అరిచాడు. "ఆ చాప్టరు నేనింకా రాయలా! మీరంతా రాండి, రాద్దాం!"

మార్చిలో మా పదకొండు మందికీ రిజిస్ట్రేషన్ రద్దు ఉత్తర్వులు వచ్చాయి. నాది రొద్దంలో మా ఇంటికి పోస్టులో వచ్చింది. చదివి, అవ్వ చేతికిచ్చాను. ఆమెకు చదువు రాదు. "మంచిదేనా నాయనా?" అంది. "ఏమో అవ్వా," అన్నాను.

డిగ్రీ ఎవరికీ రాలేదు. గుమాస్తాను బదిలీ చేశారు. వీరభద్రయ్య అదే గదిలో ఉన్నాడు. కానీ ధర్మవరంలో ఆదివారాలు సంజీవప్ప ఇంట్లో నేతగాళ్లు కూర్చుని చెప్తుంటే సుచిత్ర ఆ మిగిలిన చాప్టరు రాయడం మొదలుపెట్టింది. నిబంధనల జిరాక్సులు హిందూపురం, కదిరి, మడకశిర కాలేజీల్లో చేతులు మారాయి.

జులైలో కొత్త ప్రవేశాలకు ఇంటర్వ్యూలు పెట్టారు. అరవై రెండు మంది వచ్చారు. మొదట పిలిచింది చిలమత్తూరు కూలీల పిల్ల రాణిని. ఆ పిల్ల లోపలికి వెళ్లలేదు. మెట్ల మీద కూర్చుంది.

"ముందర రూల్సు గోడకు అతికించండి సార్. అందరం చదువుకున్న్యాక వస్తాం."

ఇంకో పేరు పిలిచారు. ఆ అబ్బాయీ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. మూడో పేరు, నాలుగో పేరు. మధ్యాహ్నానికి అరవై రెండు మందీ మెట్ల మీదా, నేల మీదా ఉన్నారు. మాకు కబురొచ్చి మేమూ వెళ్లి వాళ్ల వెనక కూర్చున్నాం. ఎండ మండుతోంది. నా లోపల ఇంకా ఏమీ కదలడం లేదు, అబద్ధం చెప్పను. అయినా కూర్చున్నాను.

పోలీసు వ్యాను మలుపు తిరిగేసరికి ధర్మవరం బండి దిగిన జనం కూడా గేటు దాకా వచ్చారు. ముందు రామాంజినేయులు. అతను నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"జరుగప్పా," అన్నాడు.

జరిగాను. కూర్చున్నాడు. వ్యాను ఆగింది. ఎవరూ లేవలేదు.