సుద్దముక్క లేని బడి

ఎథెల్ నొఖ్వేజి తరగతిలోకి అడుగుపెడితే ఈగ కూడా పద్ధతిగా వాలుతుందని మా ఊళ్ళో వేళాకోళం. దక్షిణాఫ్రికాలో ఈస్ట్ లండన్ పట్నం అవతలి కొండల్లో మా మిషన్ బడికి ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. ఊరంతా టీచరమ్మ అనేవారు. పొడవాటి మనిషి, గట్టి గొంతు, చిన్న నవ్వు. నేను ఆవిడ దగ్గరే చదువుకుని, ఆ బడిలోనే పంతులమ్మనయ్యాను.

1955లో తెల్లవాళ్ళ ప్రభుత్వం మిషన్ బళ్ళను తన చేతిలోకి తీసుకుంది. నల్లపిల్లలకు వేరే చదువు పెట్టింది: తోటపని, కుట్టుపని, దొర చెప్పింది అర్థమయ్యేపాటి భాష. మా తెల్ల పాస్టరు గిలెస్పీ తాళాలు అప్పజెప్పేశాడు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, టీచరమ్మ చర్చి గుమ్మంలోనే ఆయన్ని నిలబెట్టింది.

"లెక్కల పుస్తకంలో సగం తీసేశారు. ఎందుకండీ?"

"కాస్త ఓర్చుకో ఎథెల్. అసలు బడే లేకపోవడం కంటే ఏదో ఒకటి ఉండటం నయం కదా."

"నీళ్ళు మోయడం, గిన్నెలు తోమడం మా పిల్లలకు వాళ్ళమ్మలే నేర్పుతారు. దానికి నేనెందుకు? ప్రభువు పేరు చెప్పి ఆ పని నేను చెయ్యలేను."

మర్నాడు ఆవిడ బడికి వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. ఆవిడ మాట మీద తల్లిదండ్రులు పిల్లల్ని ఇంట్లోనే ఉంచేశారు. వారం తిరిగేసరికి ప్రభుత్వం హుకుం వచ్చింది: బడి మానేసిన పిల్లల్ని ఇక ఏ బడిలోనూ, ఎప్పటికీ చేర్చుకోరు. అంత దెబ్బ పడుతుందని మేమెవరం అనుకోలేదు.

అనుమతి లేకుండా చదువు చెప్పడం నేరం. నల్లబల్ల గానీ, పుస్తకం గానీ, ఒక్క సుద్దముక్క గానీ దొరికితే జైలే. అందుకని చర్చి వెనక, ఉన్ని దాచే పాత రేకుల షెడ్డులో "పిల్లల క్లబ్బు" మొదలుపెట్టాం. పళ్ళెంలో మొక్కజొన్న పిండి పరిచి, వేలితో అక్షరాలు రాయించేది టీచరమ్మ. పొద్దుగూకే వేళకు ఆ పిండే జావ అయ్యేది. రొట్టె కోస్తూ భిన్నాలు నేర్పేది. బైబిలు కథలు చెప్పి, వాళ్ళచేత తిరిగి ఇంగ్లీషులో చెప్పించేది.

పోలీసులు తరచూ వచ్చేవాళ్ళు. వాళ్ళలో సిపాయి మ్బుయిసెలో మా పాత విద్యార్థే.

"ఏం చేస్తున్నారు టీచరమ్మా?"

"జావ కాస్తున్నాం నాయనా. నీకు చూపు బాగానే ఉండేదిగా?"

"ఇంతమంది పిల్లలా, జావకి?"

"మరి నువ్వొక్కడివే నలుగురి కూడు తినేవాడివి. గుర్తులేదా?"

పిల్లలు కిసుక్కుమన్నారు. అతను టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ నవ్వులు ఎక్కువకాలం నిలవలేదు. ఏ బడీ రానివ్వని పెద్దపిల్లలు ఒక్కొక్కరే పనుల్లోకి పోయారు. మా ఊళ్ళోనే ఉండే నొమలంగా అనే ఆవిడ కొడుకు మ్జికాయిసే మంచి తెలివైనవాడు. వయసు ఎక్కువ చెప్పి జొహన్నెస్‌బర్గ్ బంగారు గనుల్లో చేరాడు. చలికాలం పోకముందే గని కప్పు కూలి చచ్చిపోయాడు. శవం కూడా ఇంటికి రాలేదు.

నొమలంగా నేరుగా షెడ్డులోకి వచ్చి పిల్లలందరి ఎదుట నిలబడింది.

"బడి మానిపించమన్నావు, మానిపించాను. నీ మాట దేవుడి మాట అనుకున్నాను. నీకేం తల్లీ, పిల్లాజెల్లా లేనిదానివి! నా బిడ్డ మట్టి కింద ఉన్నాడు."

అనేసి వెళ్ళిపోయింది. టీచరమ్మ పిండి పళ్ళెం ముందు చాలాసేపు కూర్చుంది.

"అమ్మాయ్, నేను తప్పు చేశానా?"

"తెలీదు టీచరమ్మా," అన్నాను. నిజంగానే తెలీదు.

మర్నాటి నుంచి ఆవిడ పొద్దున్నే ఏటికి వెళ్ళి, కడవ నెత్తిన పెట్టుకుని తెచ్చి నొమలంగా గుమ్మంలో దింపేది. నొమలంగా ఆ నీళ్ళు నేలపాలు చేసేది. మర్నాడు మళ్ళీ కడవ వచ్చేది. ఒక రోజు తెల్లవారుజామున తలుపు తెరుచుకుంది. నొమలంగా కడవ లోపలికి తీసుకెళ్ళింది. ఆ వారమే కూతురు ఫెజిస్వాని షెడ్డుకు పంపింది.

ఆ పిల్ల ఎప్పుడు రాసిందో మాకు తెలీదు. తెల్ల సార్జెంటు జీపులో వచ్చిన రోజు, జావ కుండ వెనక గోడ మీద బొగ్గుతో రాసిన పేరు కనిపించింది. మ్జికాయిసే. చచ్చిపోయిన అన్న పేరు.

"ఇది రాసిందెవరు?" అన్నాడు సార్జెంటు. మ్బుయిసెలో తల దించుకుని ఆ మాటే మా భాషలో చెప్పాడు. ఫెజిస్వా చేతులు వెనక్కి దాచుకుంది.

"నేనే. అక్షరాలు నేర్పుతున్నాను. రాసుకోండి," అంది టీచరమ్మ.

కోర్టులో నొమలంగాని సాక్షిగా పిలిచారు. ఈవిడ నీ బిడ్డలకు ఏం నేర్పిందని అడిగారు. నొమలంగా బోనులో ఉన్న టీచరమ్మ వైపు చూసింది. "జావ కాయడం," అంది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. కానీ టీచరమ్మ అప్పటికే ఒప్పేసుకుంది; జైలుశిక్ష పడింది.

జైలు నుంచి ఆవిడ దగ్గుతూ బయటికొచ్చింది. ఇంటికి రానివ్వలేదు. మా భాష తెలిసినవాళ్ళెవరూ లేని ఉత్తరాది ఎండుభూముల్లోకి తరిమేశారు. అక్కడ ఒక రేకుల గదిలో ఉండాలి, ఊరు దాటకూడదు. గిలెస్పీ వీడ్కోలుకి రాలేదు.

మూడో చలికాలంలో ఆవిడ పోయిందని కబురందింది. నేను రైలెక్కి వెళ్ళేసరికి పూడ్చిపెట్టేశారు. ఆ ఊరి పెద్దమనిషి ఒకప్పుడు గనుల్లో పనిచేసినవాడు; మా భాష కొద్దికొద్దిగా వచ్చు. రాళ్ళు పేర్చిన సమాధి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"చాలా ప్రమాదకరమైన మనిషి, దగ్గరికి పోవద్దని ఆఫీసరు చెప్పాడమ్మా. ఏడాదిదాకా ఎవరం పోలేదు."

"ఏడాదా? ఒక్కతే ఉందా?"

"మేకలు కాసుకునే పిల్లలు పోయేవాళ్ళు. మా భాష నేర్పమని వాళ్ళని అడిగిందట. 'ముసల్దానికి నోరు తిరగదు' అని ఒకటే నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేదట." సమాధి మీద రాయి ఒకటి సరిచేశాడు. "జబ్బు ముదిరాక ఆఫీసరుకి కబురంపాను. డాక్టరు రాలేదు. నేనే ఇంకాస్త ముందు పోవాల్సింది."

నేను మా భాషలో ఒక కీర్తన ఎత్తుకున్నాను. ఆ ఊరివాళ్ళకి ఆ మాటలు రావు. నలుగురైదుగురు ఆడవాళ్ళు రాగం అందుకున్నారు. రెండో చరణంలో నేను పాడటం ఆపేశాను. వాళ్ళే ఆ రాగాన్ని చివరిదాకా లాగారు.

సాయంత్రం రైలుకి తిరిగొచ్చాను. నాకు మళ్ళీ ఏ బడిలోనూ పని ఇవ్వలేదు. పట్నంలో ఒక తెల్ల దొరసాని ఇంట్లో బట్టలు ఉతుకుతున్నాను.