ఒకే తానులో రెండు పీలికలు

మధ్యాహ్నం మూడింటికి స్విచ్ గదిలోకి వెళ్ళాలంటే నాకు కాళ్ళు రావు. దయ్యాలు రాత్రిపూటే తిరుగుతాయని చెప్పినవాళ్ళకు మా ఊరి ఎండ తెలీదు. గదిలో ఇన్వర్టర్ గుయ్యిమంటూ ఉంటుంది. సరిగ్గా ఆ వేళకి ఆ మోత మధ్యలో ఎవరో గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు. మా తోడికోడలు నిచ్చెన ఎక్కేముందు అలాగే గొంతు సవరించుకునేది. రిపేరు పని నాదే, ఏ చప్పుడు ఎక్కణ్ణించి వస్తుందో తెలియనిదాన్ని కాదు. మూడుసార్లు డబ్బా విప్పి స్క్రూలన్నీ బిగించాను. చప్పుడు పోలేదు.

నేను అక్కా అని పిలిచేదాన్ని. ఊరంతా కరెంటక్క అనేది. సోలార్ పలకలు వచ్చిన కొత్తలో, వాటి పని ఆడవాళ్ళకే నేర్పిస్తామన్నారు. మగాళ్ళు నేర్చుకోగానే పట్నం పోతున్నారట, ఆడవాళ్ళయితే ఊళ్ళోనే పడి ఉంటారట. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. అక్క మాత్రం, "ఎందుకు నేర్పిస్తే ఏంలే, నేర్పిస్తున్నారుగా" అంది. పదిమందిమి నేర్చుకున్నాం. పలకలు తుడవడం, బ్యాటరీల్లో నీళ్ళు పోయడం, స్తంభమెక్కి తీగ ముడెయ్యడం, అన్నీ. నలభై ఇళ్ళకి, నీళ్ళ మోటారుకి, పిండిమరకి మేమే దిక్కు. మొదట నవ్విన మొగుళ్ళు ఫ్యాను కింద పడుకున్నాక నోరు మూసుకున్నారు.

అక్క ఒక పద్ధతి పెట్టింది. లైను మీద పనికెళ్ళేవాళ్ళు మెయిన్ స్విచ్ దించి, దాని పిడికి తమ తలగుడ్డలోంచి చించిన పీలిక కట్టాలి. పీలిక ఉన్నంతసేపు ఎవరూ స్విచ్ ఎత్తకూడదు. కట్టినవాళ్ళే విప్పాలి. ఎత్తేముందు గుమ్మంలో నిలబడి "పైన ఎవరున్నారు?" అని మూడుసార్లు కేకెయ్యాలి. కంపెనీవాళ్ళు ఎర్ర అట్టముక్కలు ఇచ్చారు గానీ, "అన్నీ ఒకేలా ఉన్నాయి, ఏది ఎవరిదో ఎలా తెలుస్తుందే" అని అక్క వాటిని అటకెక్కించింది.

ఇక మా అత్తగారు. ఇద్దరు కోడళ్ళ మధ్య తేడా చూపించిందన్న మాట పడకూడదని ఏది కొన్నా జంటగా కొంటుంది. కిందటేడు తలగుడ్డలకని నీలం గళ్ళ గుడ్డ ఒకే తానులో రెండు ముక్కలు చింపించి తెచ్చింది. "ఒక తాను ముక్కలు. ఇప్పుడు పోట్లాడుకోండి, చూస్తాను" అంది. ముగ్గురం నవ్వాం. పీలికలు చించుకునేటప్పుడు అక్కకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఆ రోజు పొద్దున ఒక ఇంటి తీగ సరిచేయడానికి నేను స్విచ్ దించి నా పీలిక కట్టాను. పనయ్యాక పొలానికెళ్ళిపోయాను. మూడింటికి తిరిగొస్తుంటే పిండిమర ఆవిడ దారిలోనే అడ్డుపడింది. "ఇప్పుడే మర తెరిచాను, కరెంటు లేదు. మీ ఏలుబడి బాగుందమ్మా!" అంది. వెళ్ళి చూస్తే పిడికి నీలం గళ్ళ పీలిక వేలాడుతోంది. నా మతిమరుపు తగలెయ్య, పొద్దున్నుంచి విప్పనే లేదా అనుకున్నాను. నా పీలిక నేను విప్పుకోవడానికి కేకలెందుకు? విప్పాను. స్విచ్ ఎత్తాను. ఇన్వర్టర్ మోత అందుకుంది.

మోటారు వైపు నుంచి అరుపులు వినిపించాయి. చేతిలో పీలికను చొక్కా జేబులో కుక్కుకుంటూ పరిగెత్తబోయాను. పనిలో మేం మా వాళ్ళ పాత చొక్కాలు పైన తొడుక్కుంటాం. ఆ జేబులో నా వేళ్ళకి ఇంకో పీలిక తగిలింది. పొద్దున నేను విప్పి పెట్టుకున్నది.

అక్క స్తంభం కింద పడి ఉంది. స్విచ్ గదికీ ఆ స్తంభానికీ మధ్య కేక వినిపించేంత దూరమే.

జనం స్విచ్ దగ్గరికెళ్ళి చూసేసరికి పిడికి ఏమీ లేదు. "కట్టకుండానే ఎక్కింది" అన్నారు. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు, అక్కకి ఆ పాటి మర్యాదా దక్కలేదు. పద్ధతి పెట్టిందే పద్ధతి తప్పింది, ఆడవాళ్ళ చేతికి కరెంటిస్తే ఇంతే అన్నారు. స్విచ్ ఎత్తింది నేనని అందరికీ తెలుసు. ఖాళీ పిడిని చూసి ఎత్తాననుకుని నన్ను ఓదార్చారు కూడా. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. పైగా అక్క స్థానంలో నన్నే పెద్దని చేశారు.

అసలు నరకం ఇంట్లో ఉంది. ఆ మధ్యాహ్నం మోటారు ఆగిపోతే, అన్నం తింటున్న అక్కని అత్తగారు కసిరిందట. "గొడ్లు దాహంతో అరుస్తుంటే ముద్దలు ఎలా దిగుతున్నాయే?" అక్క చెయ్యి కడుక్కుని లేచిపోయిందట. ఆ తొందరలోనే పీలిక కట్టడం మరిచిపోయిందని ముసలామె లెక్క. "కంచం ముందు నుంచి లేపాను. నా నోరే దాన్ని తినేసింది" అని రోజూ అనేది. తన గదిలో లైటు వెయ్యనివ్వలేదు. చీకట్లో కూర్చుని, పెట్టిన దాంట్లో సగం కంచంలోనే వదిలేసేది. ఆ సగం అక్క వదిలేసి లేచిన సగమని నాకు తెలుసు. కంచం తీసేది నేనే. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! పిరికిదాన్ని, అంతే.

మూడు నెలలకి కంపెనీ పై ఆఫీసరు కాగితం పట్టుకొచ్చాడు. స్విచ్ గది వసారాలో మిగిలిన తొమ్మిదిమందిమీ కూర్చున్నాం. అత్తగారు కూడా వచ్చి గోడకి చేరగిలబడింది. ఆయన కాగితం చదివాడు: మృతురాలి సొంత అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగింది, ఇకపై నిర్వహణ కాంట్రాక్టరుకి అప్పగించడం మంచిది. "పెద్ద మీరేగా, ఇక్కడ సంతకం పెట్టండి" అని పెన్ను నాకిచ్చాడు.

గోడ దగ్గర నుంచి అత్తగారు అంది. "అజాగ్రత్త దానిది కాదు బాబూ. నాదని రాయండి."

లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు. మిగతావాళ్ళు విన్నారో లేదో నాకు తెలీదు, నేను విన్నాను. పెన్ను పక్కన పెట్టి, పనిముట్ల పెట్టె అడుగు నుంచి రెండు పీలికలూ తీసి బల్ల మీద పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

అత్తగారు మెల్లగా లేచి వచ్చి బల్ల మీదికి వంగింది.

"ఏది దానిది?"

చూశాను. మూడు నెలలు ఒకే పెట్టెలో ఒకదాన్నొకటి రాసుకుని ఉన్నాయి. అవే గళ్ళు, అదే నూనె మరక. "తెలీడం లేదత్తయ్యా" అన్నాను. ఆవిడ నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

రెండు పీలికలూ తీసుకుని లోపలికెళ్ళింది. మెయిన్ స్విచ్ దించి, పిడికి రెండూ కట్టి, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికెళ్ళిపోయింది.

ఆఫీసరు చిరాగ్గా స్విచ్ మీద చెయ్యి వెయ్యబోయాడు. పిండిమర ఆవిడ అడ్డంగా నిలబడింది. ఆవిడ అడ్డం నిలబడితే గుమ్మం కూడా కనపడదు. "కట్టినవాళ్ళే విప్పాలి సార్. కరెంటక్క కట్టే ఎక్కింది, ముందు అది రాసుకోండి. కాంట్రాక్టరు సంగతి తర్వాత" అంది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా మీద విచారణ ఉంటుందన్నాడు. ఉండనివ్వండి అన్నాను.

ఆ సాయంత్రం మర తిరగలేదు, మోటారు తిరగలేదు. మా వాళ్ళు బావి నుంచి నీళ్ళు చేదుకున్నారు. నలభై ఇళ్ళు చీకట్లో ఉన్నాయి. ఒక్కరూ వచ్చి ఆ పీలికలు ముట్టలేదు. నేను గది గుమ్మంలోనే కూర్చున్నాను. ఎవరూ నాతో మాట్లాడలేదు గానీ ఎవరో చెంబుతో నీళ్ళు పెట్టి వెళ్ళారు.

మర్నాడు మూడింటికి అత్తగారు వచ్చింది. ఒక పీలిక విప్పి చేతికి చుట్టుకుంది. రెండోదాని జోలికి పోలేదు.

"అది దాని పేరున, ఇది నీ పేరున కట్టాను. నువ్వే విప్పు" అంది. "అన్నం తినేశాను ఇవాళ" అని కూడా అంది, ఎటో చూస్తూ.

గుమ్మంలో నిలబడి, ఆ రోజు వెయ్యాల్సిన కేక వేశాను.

"పైన ఎవరున్నారు?"

గదిలో ఏ చప్పుడూ లేదు. గొంతు సవరింపు కూడా లేదు. రెండోసారి పిలిచాను. మూడోసారి మోటారు దగ్గరి స్తంభం వైపు తిరిగి, నరాలు తెగేలా పిలిచాను. ఒక్కసారి పలికితే చాలు, తిట్టినా చాలు అనుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. అత్తగారు కూడా అటే చూస్తూ నిలబడింది.

ఎవరూ పలకలేదు. పీలిక విప్పాను.