రెండు లైన్ల పని

అత్తతో కలిసి విత్తనం చెనక్కాయలు ఒలుస్తుంటే ముఖేష్ ఫోన్ చేశాడు. అనంతపురంలో ఆయనది చిన్న కంపెనీ. నీళ్ళ ట్యాంకర్లు బుక్ చేసుకునే యాప్ నడుపుతాడు. దాని లోపలి పనంతా బత్తలపల్లెలో మా ఇంటి నుంచి నేనే చూస్తాను.

"మేడం, మ్యాప్ తెరిస్తే చాలు, యాప్ మూసుకుపోతాంది. పొద్దున్నించి చానా ఊర్లకు ట్యాంకర్ పోలేదు. మీకు ఇంట్లో పనుంటే చెప్పండి, ఇంకెవరికన్నా ఇచ్చేస్తా."

ఇంట్లో పనుంటే. ఆ మాట ఆయన మగవాళ్ళెవరితోనూ అనగా నేను వినలేదు. ఇంట్లో పని లేని రోజు నాకెప్పుడుంది? పెళ్ళికి ముందు బెంగళూరులో ఇదే ఉద్యోగం చేసేటప్పుడు అది ఉద్యోగంలాగే కనిపించేది. ఇక్కడికొచ్చాక అదే పని కాయలొలవడానికీ, పొయ్యికీ మధ్య దొరికిన సందులో చేసే కాలక్షేపం అయిపోయింది. మా ఆయన ఎర్రిస్వామి డ్రిప్ పైపుల అంగడికొచ్చేవాళ్ళతో చెబుతుంటాడు, "మా ఆమె ఊరికే ఉండకుండా కంప్యూటర్‌లో ఏందో చేస్తాంటాది" అని. ఏందో! ఏడేళ్ళుగా ఆ ఏందో ఏమిటని ఒక్కసారైనా అడగలేదు.

చేతులు దులుపుకుని లాప్‌టాప్ తెరిచాను. నా ఫోన్‌లో యాప్ వెంటనే మూసుకుపోయింది. అత్త ఫోన్ అడిగి తీసుకుని చూస్తే, అందులో బాగానే నడుస్తోంది. ఇదేమి విచిత్రం!

"ఏంటికి మూసుకుంటాదే అది?" అంది అత్త ఆంజినమ్మ.

ఆమె అడుగుతుందని నేననుకోలేదు. యాప్ కూలినప్పుడు నమోదైన వివరాలు లాప్‌టాప్‌లో చదువుతూ తెలిసినంత చెప్పాను. యాప్ అంతా ఒకరే రాయరత్తా, మ్యాప్ చూపించేదాన్ని ఒకరు రాస్తారు, ట్యాంకర్ బయల్దేరిందని ఫోన్ మోగించేదాన్ని ఇంకొకరు రాస్తారు. అవి తెచ్చి మనం కలుపుకుంటాం. వాటిని లైబ్రరీలంటారు. ఆ రెండూ లోపల మరో లైబ్రరీ సాయంతో నడుస్తాయి. నిన్న రాత్రే నేను మ్యాప్‌ను కొత్తదానికి మార్చాను. దాంతో ఆ మూడోదానికి కూడా కొత్త వెర్షన్ వచ్చి కూర్చుంది. మోగించేది మాత్రం పాత వెర్షన్‌లో ఉన్న ఒక పనిని పేరు పెట్టి పిలుస్తోంది. కొత్తదాంట్లో ఆ పేరే లేదు. మ్యాప్ తెరవగానే మోగించేది కూడా పని మొదలుపెడుతుంది, ఆ పేరు పిలిచినచోట యాప్ కూలిపోతోంది.

"రెండింటికీ కుదిరేదొకటి చూడల్ల, అంతేనా?" అని మళ్ళీ కాయ చేతిలోకి తీసుకుంది. ఒలుస్తూనే అంది, "నేనేమన్నా అడిగితే మీ మామ 'నీకెందుకే' అనేవాడు. అట్ల అడిగేదే మానుకున్యా."

ఆమె పక్కకు కొంచెం జరిగి కూర్చున్నాను.

ముఖేష్ మళ్ళీ ఫోన్ చేశాడు. "ఆ పాతదాన్నే బలవంతంగా పెట్టేయండి మేడం." అదీ చేసి చూశాను. మోగించేది బతికింది, మ్యాప్ చచ్చింది. పోనీ మోగించేదాన్ని అన్నిటికన్నా కొత్తదానికి మారుద్దామంటే, అది పాత ఫోన్లలో నడవదు. మాకు బుకింగులు వచ్చేది ఎక్కువగా పాత ఫోన్ల నుంచే. ఇక మధ్యలో వచ్చిన వెర్షన్లన్నీ ఒక్కొక్కటే తెరిచి, ఏది దేని మీద ఆధారపడిందో చదువుతూ పోయాను. వాకిట్లో ఎండ గోడెక్కింది. నాకు విసుగు రాలేదు. ఇది కాకపోతే ఇంకోటి, దాని వెనక ఏముందో చూద్దామనే ఆ తహతహ బెంగళూరులోనే వదిలేశాననుకున్నాను. వదల్లేదు.

చివరికి దొరికింది. కొత్త పేరుతో పిలవడం నేర్చుకున్న వెర్షన్, పాత ఫోన్లను ఇంకా విడిచిపెట్టనిది. మార్చవలసింది రెండే లైన్లు. మార్చి, నా ఫోన్‌లో మ్యాప్ తెరిచాను. నిలబడింది. పంపించేశాను. పొద్దు వాలేలోగా శింగనమల వైపు ట్యాంకర్లు కదిలాయని ముఖేష్ చెప్పాడు.

"కానీ సార్, కొన్ని ఫోన్లలో ముందునుంచీ ఎందుకు బాగానే నడిచిందో తెలియలేదు."

"ఇప్పుడు అన్నిట్లో నడుస్తాంది కదా, ఇంకేంటికి మేడం? వదిలేయండి."

అప్పుడే అంగడి నుంచి వచ్చిన ఎర్రిస్వామి తెర మీదకు వంగాడు. "ఏం మారిస్తివి?"

చూపించాను.

"ఈ రెండు లైన్లకేనా పొద్దంతా కూర్చున్యావు?" అని నవ్వాడు. "సరే, పనైపోయింది కదా, లెయ్. ఆకలైతాంది. ఉగ్గాని చెయ్."

లేవబోయాను. అలవాటైన ఒళ్ళు, దానంతటదే సగం లేచింది. అత్త ఫోన్ ఇంకా నా ఒళ్ళోనే ఉంది. ఏ తప్పూ లేనట్టు, పొద్దుటి నుంచీ నడుస్తూనే ఉంది. ఎందుకు? దానికి జవాబు ముఖేష్‌కు అక్కర్లేదు. ట్యాంకర్లకు అక్కర్లేదు. నాకు కావాలి.

మళ్ళీ కూర్చున్నాను.

"పనైపోయింది. ఇది పని కాదు. నాకు తెలుసుకోవాలనుంది. ఉగ్గాని నువ్వు చేసుకో."

అతను వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆమె తల వంచుకుని కాయలొలుస్తోంది. అతను వంటింట్లోకి పోయాడు. ఉగ్గానిలోకి మరమరాల కోసం డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు.

"ఈశ్వరీ, బొరుగులు యాడుండాయి?"

"వెతుకు," అన్నాను, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "దొరుకుతాయి."