కత్తెర చెయ్యి

గుట్టలోకి పార దించి పైకెత్తగానే ఆవిరి లేచి ఎరువక్క మొహానికి కొట్టింది. ఎండుటాకులు, కూరల తొక్కలు, గడ్డి కలిసి మగ్గిన వెచ్చటి వాసన. పిడికెడు తీసి నలిపి చూసింది. నల్లగా, పొడిపొడిగా, ఏ వంకా పెట్టడానికి వీల్లేని ఎరువు. అదే ఆమెను లోపల్లోపల తినేస్తోంది.

ఆదివారం పొద్దున్న కాలనీ తోటలో ఉచిత సలహాల బల్ల వేస్తారు. మొక్కకు జబ్బు చేస్తే ఒక ఆకు తుంచుకొచ్చి చూపిస్తే చాలు. బల్లకు ఒక పక్క గులాబీల మాస్టారు, మరో పక్క ఎరువక్క. మిగతా రోజులు ఆమె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. అక్కడ ఎవరూ ఆమె పేరు కూడా అడగలేదు. "ఏయ్, దుప్పట్లూ!" అని కేకేస్తే పరిగెత్తాలి. ఇక్కడ మాత్రం అందరికీ అక్క. ఆమె ఎరువు వేస్తే ఎండుపుల్లకైనా చిగురు వస్తుందని చెప్పుకుంటూ జనం సంచులు పట్టుకుని వరస కడతారు.

ఈసారి గుట్టలో ఆటమైదానం గడ్డి కలిపింది. సగం ఎరువు పంచేశాక, ఆ గడ్డి కోసి తెచ్చిన తోటమాలి మాటల మధ్యలో అన్నాడు: "కలుపుమందు కొట్టించాం అక్కా, ఒక్క పిచ్చిమొక్క లేస్తే ఒట్టు!"

అదే ఎరువులో చిక్కుడు గింజలు నాటి, షెడ్డు వెనక దాచి చూసింది. మొలకలు మెలికలు తిరిగి లేచాయి. అప్పటినుంచీ ఎవరడిగినా "ఇంకా మగ్గలేదు" అంటోంది. పట్టుకెళ్ళినవాళ్ళకు మాత్రం సంగతి చెప్పలేదు. వచ్చే ఆదివారం చెబుదాం, వచ్చే ఆదివారం చెబుదాం అనుకుంటూనే ఉంది.

"అమ్మా, ఇదిగో నా ఘనకార్యం!"

ఆ పొద్దున్న బల్ల దగ్గరికి టైలర్ తాత వచ్చాడు. తడిగుడ్డలో చుట్టి తెచ్చిన టమాటా కొమ్మను బల్లమీద విప్పాడు. ఆకులు దొప్పల్లా ముడుచుకుని, కొసలు తాళ్ళలా పేనుకుపోయి ఉన్నాయి.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "వైరస్సు. పీకి పారెయ్యి. నా ప్యాంటును చేసినట్టే దీన్నీ పొట్టి చేసిపెట్టావు కదయ్యా!"

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. తాతా నవ్వాడు. "ప్యాంటైతే మడత విప్పి సరిచేసేవాణ్ణి మాస్టారూ. దీనికి కుట్టు ఎక్కడుందో దొరకలేదు."

ఆ తర్వాత ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మా ఆవిడ చేతి చలవ వేరమ్మా. ఆవిడ పోయాక కుండీలు ఎండిపోకూడదని పట్టుబట్టాను. బంగారంలాంటి నీ ఎరువు వేశాను. అయినా ఇదిగో, ఇలా. నాది కత్తెర చెయ్యి, కొయ్యడమే తెలుసు. సాయంత్రం బస్సుకు తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతున్నా. అక్కడ పెద్ద పెరడుంది. కానీ నేనిక మట్టి ముట్టను."

చెప్పాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో వరసలోంచి ఎవరో అడిగారు: "అక్కా, మళ్ళీ ఎరువెప్పుడిస్తారు? మీ ఎరువు లేకపోతే మా మిద్దె తోట లేదు."

"నీళ్ళు ఎక్కువయ్యాయేమో తాతా," అంది ఎరువక్క.

"అయ్యుంటుంది." ఆయన వెంటనే ఒప్పేసుకున్నాడు. చచ్చిన కొమ్మను పారెయ్యడానికి మనసొప్పక, జాగ్రత్తగా మళ్ళీ గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆమె ఇంటికి వచ్చింది. ఉతికిన బట్టల దగ్గర కూర్చుంది.

"ఏంటమ్మా, మడతపెట్టినదాన్నే విప్పి మడతపెడుతున్నావు?" అంది కూతురు. "ఆసుపత్రివాళ్ళు ఆదివారానికి కూడా జీతమిస్తామన్నారా?"

సాయంత్రం కావస్తుండగా తువ్వాలు అక్కడే వదిలేసి ఆమె చెప్పులేసుకుంది. దారి పొడుగునా ఒకటే మాట కూడబలుక్కుంది. మీ చెయ్యి మంచిదే తాతా, నా ఎరువే చెడ్డది.

తాత ఉండే మేడమీద గదికి తాళం వేసి ఉంది. వరండాలో కుండీలన్నీ ఖాళీ చేసి, కడిగి, బోర్లించి ఉన్నాయి. పక్కగది ఆవిడ బయటికి వచ్చింది.

"వెళ్ళిపోయారండీ, ఈపాటికి బస్సు కదిలే ఉంటుంది. బస్సు ఎక్కడ దాటిపోతుందోనని ఒకటే కంగారు. మీరు ఎరువక్కేనా? మీకిమ్మని ఒకటి పెట్టి వెళ్ళారు. అంత మంచి ఎరువు తన దగ్గరుంటే పాడవుతుందట. చెయ్యి మంచిదైన వాళ్ళెవరికైనా ఇచ్చుకోమన్నారు."

"అది మంచిది కాదమ్మా," అంది ఎరువక్క. ఇన్నాళ్ళూ రాని మాట అడ్డం లేకుండా వచ్చేసింది. "అందులో మందు కలిసింది. మొక్కల్ని చంపింది నేను, ఆయన కాదు. ఒక్కసారి ఫోను కలుపుతారా? నేనే చెబుతాను."

"ఆయనకు ఫోనెక్కడిదండీ?" అంది పక్కగది ఆవిడ. "ఊరు కూడా నేను అడగలేదు."

తలుపు వారగా చిన్న సంచీ ఒకటి ఉంది. పాత చొక్కా గుడ్డతో కుట్టింది. ఒక్క పలుకైనా రాలిపోకుండా మూతిని రెండు వరసల కుట్టుతో మూసి, మోసేవాళ్ళ చెయ్యి ఒత్తుకోకుండా పిడికి మెత్తటి పట్టీ వేసి ఉంది.